నిద్రపుచ్చే చదువు

ఆ ఇంట్లో మొదటి బన్ను మీద తీర్పు వచ్చేదాకా బేకరీ షట్టరు పైకి లేవదు. ఇది ఎవరో కూర్చుని పెట్టిన నియమం కాదు, ఏళ్ళ తరబడి అలా జరిగిపోతోందంతే. కింద బేకరీ, పైన ఇల్లు. ఓవెన్ లోంచి తొలి ట్రే బయటికి రాగానే కొడుకు అందులోంచి ఒక బన్ను చిన్న పళ్ళెంలో పెట్టుకుని, మెట్లెక్కి వెళ్ళి, తల్లి ముందు నిలబడతాడు. ఆవిడ దాన్ని చీల్చి, వాసన చూసి, ఒక ముక్క పాలలో ముంచి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు ఆ మనిషిని చూడాలి. జుట్టు సగం నెరిసినవాడు, మోచేతుల దాకా పిండి, ముఖం మాత్రం పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లాడిది.

"ఉప్పు చిటికెడు తగ్గింది," అందావిడ ఆ రోజు కళ్ళు తెరిచి.

"మిగతాది?"

"మిగతాది తినొచ్చు."

అంతకు మించిన మెచ్చుకోలు తన తల్లి నోటి వెంట రాదని అతనికి తెలుసు. సంతోషంగా కిందికి దిగి షట్టరు లేపాడు.

వీధిలో అతన్ని అందరూ మాస్టరు అంటారు, బేకరీ మాస్టరు కాబట్టి. నిజంగా బళ్ళో లెక్కలు చెప్పేది అతని భార్య. "ఇన్నేళ్ళుగా పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తున్నది నేను, బిరుదు మాత్రం మీకు," అని ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బల్ల కింద దూరి, రాలిన బ్రెడ్డు పొడి ఏరుకుని తినేది కాబట్టి ఇంటిల్లిపాదీ పిచ్చుక అని పిలిచారు. ఆ పిచ్చుక ఇప్పుడు డాక్టరు. ఎంబీబీఎస్ అయింది, హౌస్ సర్జన్సీ అయింది, పీజీ ప్రవేశ పరీక్షలో వీధి వీధంతా నోరెళ్ళబెట్టే ర్యాంకు వచ్చింది. ఏ బ్రాంచిలో చేరాలో ఎల్లుండి సాయంత్రంలోగా తేల్చుకోవాలి.

ఆ తేల్చే పనేదో మాస్టరు ముందే చేసేశాడు. బ్రెడ్డు కొనడానికి వచ్చినవాళ్ళ చేతిలో చిల్లరతోపాటు ఆ కబురు కూడా పెడుతున్నాడు.

"మా పిచ్చుక సర్జన్ అవుతోందండీ. ఇక మన వీధిలో ఎవరికి ఏ కోత అవసరమొచ్చినా దిగులు పడక్కర్లేదు."

"నాకేం కోత అవసరం లేదు మాస్టరూ, రెండు బ్రెడ్లు చాలు," అన్నాడు పక్కింటి టైలరు.

పిచ్చుక మెట్ల మీద నిలబడి ఇదంతా వింటోంది. టైలరు వెళ్ళేదాకా ఆగి, కిందికి వచ్చి, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంది. చెప్పాలనుకున్న మాట వారం రోజులుగా గొంతులోనే తిరుగుతోంది.

"నాన్నా, నేను ఎనస్థీషియా తీసుకుందామనుకుంటున్నాను."

"అంటే?"

"మత్తు ఇచ్చే డాక్టరు."

మాస్టరు చేతిలో ట్రే అలాగే ఆగిపోయింది. ఆ తర్వాత నవ్వాడు, వేళాకోళం అనుకుని. కూతురి ముఖం చూశాక నవ్వు సగంలో ఆరిపోయింది.

"సర్జరీ చేతికందుతుంటే ఎవరైనా వదులుకుంటారా తల్లీ? మత్తు సూది గుచ్చడానికా ఇన్నాళ్ళు నిద్ర మానుకుని చదివావు? వెనక వీధి అబ్బాయి లేడూ, అతను డిగ్రీ చదివి ఆ మత్తు గదిలోనే ఉద్యోగం చేస్తున్నాడుగా. అతను చేసే పనికి నువ్వు డాక్టరు చదవాలా?"

"అతను చదివింది ఎనస్థీషియా టెక్నాలజీ నాన్నా. యంత్రాలు సరిచూడటం, గొట్టాలు, సిలిండర్లు సిద్ధంగా ఉంచడం, అవసరమైనప్పుడు అందించడం అతని పని. అతను లేకపోతే మాకు పూట గడవదు. కానీ ఏ మందు, ఎంత, ఎప్పుడు, గుండె నెమ్మదిస్తే ఏం చెయ్యాలి, ఊపిరి అందకపోతే ఏం చెయ్యాలి, ఆ నిర్ణయం డాక్టరుది. నేను ఇంకా మూడేళ్ళు చదవాలి. ఆ తర్వాత సీనియర్ రెసిడెంటుగా పనిచెయ్యాలి. పసిపిల్లలకో, గుండె ఆపరేషన్లకో ప్రత్యేకంగా వెళ్ళాలనుకుంటే దానికి మళ్ళీ చదువు."

"నిద్రపుచ్చడానికి అంత చదువా!" మాస్టరు భార్య వైపు తిరిగాడు. "ఏమోయ్, విన్నావా? మా అమ్మ దీన్ని జోకొట్టి క్షణంలో నిద్రపుచ్చేది. ఏ కాలేజీలో చదివిందంటావు?"

బడికి బయల్దేరుతున్న టీచరమ్మ సంచీ భుజానికి తగిలించుకుని, "నిద్రపుచ్చడానికి కాదేమోనండీ, మళ్ళీ లేపడానికేమో ఆ చదువంతా," అంది. అని, భర్త ముఖం చూసి, గబగబా వెళ్ళిపోయింది.

పైనుంచి నానమ్మ గొంతు ఖంగుమంది. "ఒరేయ్, పిల్లని పొద్దున్నే సాధించకు. రేపు నా పొట్ట కోస్తున్నారన్న ధ్యాస ఎవరికైనా ఉందా అసలు?"

ధ్యాస ఎందుకు లేదు? అందరికీ అదే ధ్యాస. ఆవిడ పిత్తాశయంలో రాళ్ళు చేరాయి. నొప్పి వచ్చినప్పుడల్లా రెండు రోజులు మంచం దిగదు. పిచ్చుక హౌస్ సర్జన్సీ చేసిన ఆస్పత్రిలోనే ఆపరేషన్ పెట్టుకున్నారు. ఈ రాత్రి నుంచి ఏమీ తినకూడదని పిచ్చుక ఇంట్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పింది. నానమ్మకి రెండుసార్లు చెప్పింది.

మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగే వేళ మాస్టరు పిండి కలుపుతూ ఉంటే పిచ్చుక వెళ్ళి పక్కన నిలబడింది. అతనే మొదలుపెట్టాడు, తల ఎత్తకుండా.

"ఈ బేకరీ పెట్టుకోకముందు నేను ఇంకొకరి దగ్గర పనిచేశాను, తెలుసుగా. ఓవెన్ వెనక గది నాది. బన్ను తిన్నవాళ్ళు కౌంటర్లో కూర్చున్న ఓనరుని మెచ్చుకుని పోయేవాళ్ళు. ఆ గోడకి అటువైపు నిలబడి నేను వినేవాణ్ణి. ఒక్కరంటే ఒక్కరు కూడా లోపలికి తొంగిచూడలేదమ్మా."

"నాన్నా..."

"ఆపరేషన్ చేసిన డాక్టరుని జనం బతికున్నంత కాలం చెప్పుకుంటారు. నిద్రపోయినవాడికి నిద్రపుచ్చినవాళ్ళు ఏం గుర్తుంటారు? నేను తెర వెనక ఉన్నది చాలు. నువ్వు కూడా తెర వెనకేనా?"

పిచ్చుకకి చెప్పడానికి చాలా ఉంది. హౌస్ సర్జన్ గా ఆపరేషన్ గదిలో మొదటిసారి నిలబడ్డ రోజు ఆమెకి బాగా గుర్తుంది. బల్ల మీద పర్వతమంత మనిషి, లారీ నడిపేవాడు, వణికిపోతున్నాడు. మత్తు డాక్టరమ్మ అతని తల దగ్గర స్టూలు వేసుకుని, మొదటి నుంచి చివరిదాకా అతన్ని వదల్లేదు. గదిలో ఉన్నవాళ్ళ చూపంతా గాయం మీదే ఉంది. మనిషిని చూస్తూ కూర్చున్నది ఆవిడొక్కతే. ఆ రోజే పిచ్చుక మనసు అక్కడ ఉండిపోయింది.

కానీ తండ్రి చేతులు చూసింది. కళ్ళు మూసుకుని కూడా పిండి పదును పట్టగల ఆ చేతులకి ఇవాళ లెక్క కుదరడం లేదు. నీళ్ళు ఎక్కువ పోసి, మళ్ళీ పిండి పోసి, మళ్ళీ నీళ్ళు పోస్తున్నాడు. తల్లికి రేపు ఏమవుతుందోనన్న భయంతోనే అదంతా. ఈ పూట ఇతనితో వాదం పెట్టుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు.

"సరే నాన్నా. సర్జరీయే తీసుకుంటాను. మాటిస్తున్నాను."

మాస్టరు పిండి చేతులతోనే ఆమె తల నిమిరాడు. ఆ పిండి కడుక్కోవడానికి వెళ్ళినట్టు స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, పిచ్చుక తనివితీరా ఏడ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే ముందుగా బయల్దేరి ఆస్పత్రికి వెళ్ళి, మంచం, పరీక్షల కాగితాలు అన్నీ చూసుకుంది పిచ్చుక. తర్వాత కాసేపటికి తల్లీ తండ్రీ నానమ్మని తీసుకొచ్చారు. ఆస్పత్రి గౌను వేసుకుని చక్రాల కుర్చీలో కూర్చున్న నానమ్మ ఇంకా చిన్నదైపోయినట్టు కనిపించింది. ఆపరేషన్ గదికి ముందున్న గదిలోకి ఆవిడతోపాటు పిచ్చుకని రానిచ్చారు, మొన్నమొన్నటిదాకా అక్కడ పనిచేసిందే కదా అని.

మత్తు డాక్టరమ్మ వచ్చింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది, మాట నెమ్మది. నోరు తెరిపించి చూసింది, మెడ వంపించి చూసింది, కట్టుడు పళ్ళున్నాయా అని అడిగింది. తర్వాత మంచం అంచు మీద కూర్చుని, ఏదో ఊసులాడుతున్నట్టు, "పొద్దున్న ఏం తిన్నారమ్మా?" అంది.

తిన్నారా అని ఆవిడ ఎప్పుడూ అడగదు, ఏం తిన్నారనే అడుగుతుంది. తిన్నారా అంటే భయపడి లేదంటారని పిచ్చుకకి నేర్పింది ఆవిడే.

"అయ్యో, ఏం లేదు తల్లీ. మంచినీళ్ళు కూడా ముట్టలేదు," అంది నానమ్మ చిరునవ్వుతో. "నీ చేతులు ఎంత చల్లగా ఉన్నాయమ్మా. వచ్చిన పిల్లలందరూ ఎంత మర్యాద! ఈ నర్సు పిల్లయితే బంగారం."

నర్సు మురిసిపోయింది. డాక్టరమ్మ చీటీ మీద రాసుకోబోతోంది. పిచ్చుకకి మాత్రం అనుమానం వచ్చింది.

నానమ్మ ఖాళీ కడుపుతో ఇంత మంచిగా ఉండటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆకలేస్తే ఆవిడ గోడతో కూడా తగువు పెట్టుకుంటుంది. ఒకసారి రక్తపరీక్ష కోసం కాస్త సేపు పస్తుంటేనే, ఆ లాబొరేటరీ వాడి తాతల దాకా వెళ్ళింది. ఇప్పుడు నర్సు పిల్ల బంగారమట!

పిచ్చుక వంగి, నానమ్మ గౌను సర్దుతూ, మామూలుగా అంది. "నానమ్మా, ఇవాళ నాన్న బన్ను బాగా కుదిరినట్టుందే. వాసన వీధి చివరిదాకా వచ్చింది. ఉప్పు కూడా సరిగ్గా పడుంటుంది."

"ఎక్కడ పడింది!" నానమ్మ ఒక్కసారి లేచి కూర్చుంది. "నిన్న చిటికెడు తగ్గిందన్నానని ఇవాళ గుప్పెడు పోశాడు సన్నాసి. నోట్లో పెట్టుకుంటే సముద్రమే! పాలల్లో ముంచితేగానీ దిగ..."

మాట అక్కడ తెగింది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది.

"నానమ్మా, ఎంత తిన్నావు?"

"వాడు కావాలని పెట్టలేదే," నానమ్మ పిచ్చుక చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "ఎప్పటిలాగే పళ్ళెం తీసుకొచ్చి నిలబడ్డాడు. నేను వద్దనే అన్నాను. వాడి ముఖం చూశాక ఇంక వద్దనలేకపోయానే. ఇదే ఆఖరి బన్నేమో అన్నట్టు చూశాడు. సగం తిన్నాను, పాలతో. వాణ్ణి ఏమీ అనకండమ్మా. నేనే అడిగానని చెప్పండి."

డాక్టరమ్మ ఆవిడ దుప్పటి భుజాల దాకా లాగి కప్పింది. "ఎవర్నీ ఏమీ అనం. ఇవాళ ఆపరేషన్ లేదు, రేపు చేద్దాం. మీరు నిజం చెప్పారు, అది చాలు," అంది.

బయట వరండాలో మాస్టరు గోడ వారగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. కూతురు బయటికి రాగానే పరుగున ఎదురొచ్చాడు. "అప్పుడే అయిపోయిందా?"

"ఇవాళ ఆపేశారు నాన్నా. నానమ్మ బన్ను తింది."

మాస్టరు భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్ళు అప్పటికే అతన్ని నిలదీస్తున్నాయి.

"మీరు పెట్టారా?"

"తినలేదే, రుచి చూసిందంతే. రోజూ చూస్తుందిగా! అమ్మ రుచి చూడకుండా నేను ఏ రోజు షట్టరు లేపాను? ఒక్క ముక్క!"

"సగం బన్ను నాన్నా. పాలతో."

"అయితే ఏమైంది?" గొంతు లేచింది. వరండాలో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. భయం వేస్తే అతనికి కోపం వస్తుంది, పాపం ఆ రెండింటికీ తేడా అతనికే తెలియదు. "సగం బన్నుకే కొంప మునిగిపోతుందా? ఆ ముసలిప్రాణాన్ని ఇంత దూరం తెచ్చి, గౌను తొడిగి, మళ్ళీ వెనక్కి పంపిస్తారా? నువ్వు లోపలే ఉన్నావుగా, నోరు మూసుకుని ఊరుకోలేకపోయావా? నలుగురిలో నాన్నని దోషిగా నిలబెట్టడానికా నిన్ను డాక్టరు చేసింది?"

ఇన్నేళ్ళలో తండ్రి పిచ్చుకని ఒక్కసారి కూడా అలా కసరలేదు.

"ఊరుకుంటే నానమ్మ చచ్చిపోయేది నాన్నా!" అంది బావురుమంటూ. "నోరు మూసుకుని ఊరుకుంటే నీ చేతి బన్నే ఆవిడ ఊపిరికి అడ్డం పడేది. ఆ తర్వాత నువ్వు బతికేవాడివా? జన్మలో ఇంకొక బన్ను చెయ్యగలిగేవాడివా? అది తెలిసే చెప్పాను. నానమ్మ కోసం ఎంతో, నీ కోసం అంతే!"

మాస్టరుకి ఏమీ అర్థం కాలేదు. బన్ను ఊపిరికి అడ్డం పడటమేమిటి? ఆ వెనకే తలుపు తెరుచుకుని మత్తు డాక్టరమ్మ బయటికి వచ్చింది. వచ్చి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"మనం మెలకువగా ఉన్నప్పుడు ఏదైనా పొరబోతే దగ్గుతాం కదండీ. మామూలు నిద్రలోనూ అంతే, దగ్గి లేచి కూర్చుంటాం. మేమిచ్చే నిద్రలో ఆ దగ్గు ఉండదు. కాపలావాణ్ణి కూడా నిద్రపుచ్చేస్తామన్నమాట. కడుపులో ఉన్నది పైకి తన్నితే అడ్డుకునేవాళ్ళు లేక నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు, బన్ను, కడుపులోని పులుపు అన్నీ కలిసి. కొందరిని కాపాడుకోగలం. మీ అమ్మగారి వయసులో మాట ఇవ్వలేను."

మాస్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"నా చేత్తో..." అన్నాడు.

"మీరొక్కరే కాదు. ప్రేమ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పెడతారు. ఒకరు కాస్త పాలు, ఇంకొకరు రెండు బిస్కెట్లు. అందుకే మేము అడుగుతూ ఉంటాం." డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "నేను అడిగాను, ఆవిడ చెప్పలేదు. నా చదువుకి దొరకని మాట మీ అమ్మాయికి దొరికింది. నిజం చెప్పాలంటే ఈ పిల్ల మా దాంట్లోకి వస్తుందని ఆశపడ్డాను. సర్జరీకి వెళ్తున్నానని ఇందాకే చెప్పింది. అదీ మంచిదే. ఎక్కడున్నా రాణిస్తుంది."

పిచ్చుక కిటికీ వైపు తిరిగి నిలబడింది. టీచరమ్మ వెళ్ళి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. మాస్టరు ఆ ఇద్దరి వైపు చూసి, చూడలేక, తల దించుకున్నాడు.

ఆ రోజు బేకరీ తెరవలేదు. టైలరు వచ్చి షట్టరు కొట్టి, జవాబు రాక తిరిగిపోయాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక మధ్యాహ్నం మాస్టరు తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ మోకాలి మీద తల ఆనించాడు.

"నిజం ఎందుకు దాచావమ్మా? నీ ప్రాణం మీదికొచ్చేది."

"చెబితే నిన్ను తిడతారని." ఆవిడ కొడుకు జుట్టులో వేళ్ళు పోనిచ్చింది. "నువ్వు నన్ను చూసి భయపడ్డావు, నేను నిన్ను చూసి భయపడ్డాను. మనిద్దరికీ భయమే గానీ తెలివి లేదురా. పిల్లకి భయమూ ఉంది, తెలివీ ఉంది."

వంటింట్లో ఉన్న పిచ్చుకకి తండ్రి ఏడుపు వినిపించింది. లోపలికి వెళ్ళబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండవే. ఏడవనీ. ఇంకాసేపు ఆయన్ని వాళ్ళమ్మకి వదిలెయ్," అంది.

మర్నాడు నానమ్మ నిజంగానే పస్తు ఉంది. ఆస్పత్రికి వెళ్ళే దారిలో ఆటో డ్రైవరుతో, ఆస్పత్రిలో లిఫ్టు నడిపేవాడితో, నిన్నటి బంగారం లాంటి నర్సుతో వరసగా పోట్లాడింది. ఆ పోట్లాటలు వింటుంటే పిచ్చుకకి కడుపు నిండిపోయింది. సర్జన్ ఒప్పుకోవడంతో టోపీ, మాస్కు తగిలించుకుని నానమ్మ వెంట ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది.

బల్ల మీద పడుకోగానే నానమ్మ పోట్లాట అంతా ఎక్కడికో పోయింది. పైనున్న పెద్ద దీపాన్ని చూసి, గుండ్రంగా చుట్టూ ఉన్న యంత్రాలని చూసి, పిచ్చుక చెయ్యి వెతుక్కుంది.

"లేవకపోతే ఎలాగే?"

ఆ మాటకి డాక్టరమ్మ తల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. "మీరు లేచి నాతో మాట్లాడేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను. సరేనా? ఇప్పుడు మీ మనవరాలి చిన్నప్పటి అల్లరేదైనా ఒకటి చెప్పండి."

"అల్లరా? ఒకటా రెండా? పిండి బస్తాలో దూరి..." అంటూ నానమ్మ మొదలుపెట్టింది. బస్తా దగ్గరే మాట మెత్తబడి, కళ్ళు వాలిపోయాయి. పిచ్చుక చేతిలో ఉన్న ఆ ముడతల చెయ్యి మెల్లగా పట్టు సడలించింది. ఇంతసేపూ తన ప్రాణాన్ని తానే గట్టిగా పట్టుకున్న మనిషి, దాన్ని నమ్మకంగా ఎవరికో అప్పగించేసింది. యంత్రం తెరపై పచ్చగా పరిగెడుతున్న గీతని చూస్తూ, ఇక ఈ స్టూలు ఎప్పటికీ తనది కాదు కదా అనుకుని, పిచ్చుక మాస్కు వెనక కన్నీళ్ళు మింగుకుంది.

కోత మొదలయ్యే ముందు ఆమెని బయటికి పంపించారు. వరండాలో ముగ్గురూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఎంతో సేపు గడిచాక సర్జన్ వచ్చాడు. టోపీ తీస్తూ, "అంతా బాగా జరిగిందండీ, రాళ్ళతో సహా పిత్తాశయం తీసేశాం," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. టీచరమ్మ హమ్మయ్య అని కూతుర్ని కౌగిలించుకుంది.

మాస్టరు మాత్రం లేవలేదు. ఆ తలుపు వైపే చూస్తున్నాడు.

"ఆవిడ రాలేదేం?"

"ఎవరు నాన్నా?"

"ఆ డాక్టరమ్మ. కోసినాయన వచ్చి వెళ్ళిపోయాడుగా. ఆవిడ ఇంకా లోపలే ఉందేం?"

"నానమ్మ ఇంకా పూర్తిగా లేవలేదు. సొంతంగా ఊపిరి తీసుకుని, కళ్ళు తెరిచి, పేరు చెప్పేదాకా ఆవిడ రాదు."

మాస్టరు తలుపు మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. మనుషులు వచ్చారు, వెళ్ళారు, పక్క బెంచీలో ఎవరో కునుకు తీసి లేచారు. చివరికి తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది. కళ్ళజోడు జారిపోయి, జుట్టు చెదిరి, అలసిపోయి ఉంది. "లేచారు. ఆ బస్తా కథ పూర్తి చేశారు కూడా," అని నవ్వింది. మాస్టరు లేచి రెండు చేతులూ జోడించాడు. ఆవిడ తల ఊపి, తర్వాతి మనిషి కోసం మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

నానమ్మని వార్డులోకి మార్చాక, సాయంత్రపు ఎండ పడుతున్న కిటికీ దగ్గర పిచ్చుక ఫోను పట్టుకుని నిలబడింది. బ్రాంచి ఎంచుకోవడానికి ఇంకాసేపే గడువుంది. తండ్రి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు తల్లీ?"

"సర్జరీ నొక్కబోతున్నాను. మాటిచ్చానుగా."

"ఆ మాట నాకొద్దు. తిరిగి తీసుకో."

పిచ్చుక తల తిప్పి చూసింది. తండ్రి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నన్నెవరూ తొంగి చూడలేదన్న దుఃఖంతో నీ దారికి అడ్డం పడ్డాను. మరి నేను మాత్రం నీ మనసులోకి తొంగి చూశానా అని నిన్న అనిపించింది. నువ్వు ఏం చదవాలనుకుంటున్నావో, ఎందుకో, ఒక్కసారన్నా కూర్చోబెట్టి అడిగానా? మా అమ్మ అక్కడ నిద్రపోయినంతసేపూ కాపలా ఉన్న మనిషి బయటికి రాలేదని ఎదురుచూశాను చూడు, ఇంత బతుకు బతికి అలా ఎవరి కోసమూ ఎదురుచూడలేదమ్మా." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. "రేపెప్పుడైనా నేను ఆ బల్ల ఎక్కాల్సి వస్తే, కోసేవాళ్ళు ఎవరైనా సరే. నా తల దగ్గర కూర్చునేది నువ్వై ఉండాలి."

పిచ్చుక ఏడుస్తూనే నవ్వేసింది. "సొంతవాళ్ళకి మేం చెయ్యం నాన్నా. చేతులు వణుకుతాయి. ఇంకెవరో వస్తారు."

"ఇంకెవరో అంటే?"

"ఇంకెవరి కూతురో."

మాస్టరు కిటికీ లోంచి చూశాడు. అవతల, ఆస్పత్రి గేటు దగ్గర ఎవరో తమ మనిషిని స్ట్రెచర్ మీద దించుతున్నారు. వెంట ఒక ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెడుతున్నాడు.

"మరి ఆ కూతుర్ని వాళ్ళ నాన్న ఒప్పుకుని పంపాలి కదమ్మా," అన్నాడు. "వాళ్ళు నా కోసం పంపుతారు. నేను వాళ్ళ కోసం నిన్ను పంపుతాను. నొక్కు."

పిచ్చుక నొక్కింది.